సకు ఐత్వమిస్తే

మా ఇంట్లో ఒక వేసవంతా రెండు మాటల మధ్య గొడవ నడిచింది. ఒకటి సీటు, రెండోది సైటు. సీటు మా మామది, సైటు నాది. మధ్యలో మా నాయన.

మామ అంటే మా అమ్మకు అన్న. చిత్తూరులో చిన్నపిల్లల బడిలో పంతులు. సెలవులకు తిరుపతిలో మా ఇంటికి వచ్చినా ఆయనలోని పంతులుకు సెలవుండేది కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి గుణింతం అప్పజెప్పించుకునేవాడు. "కకు గుడిస్తే కి, కకు గుడి దీర్ఘమిస్తే కీ" అని మేం రాగం తీస్తుంటే కళ్లు మూసుకుని వినేవాడు. నిద్రపోయాడు కదా అని ఎవరైనా ఒక అక్షరం మింగితే, కళ్లు తెరవకుండానే ఆ చెవి వెతుక్కుని మెలేసేవాడు. ఆయన దృష్టిలో ఉద్యోగమంటే పంతులు ఉద్యోగమే. మిగిలినవన్నీ అది రానివాళ్లు చేసుకునే పనులు. అందుకని నా డిగ్రీ పూర్తయిన రోజు నుంచీ నాకు బి.ఎడ్. సీటు చూసిపెట్టే బాధ్యత తనదే అనుకున్నాడు.

నాయనకు తిరుపతిలో ఇనుప సామాన్ల అంగడి. మేకులు, బోల్టులు, పైపులు, పెయింట్లు, తలుపు గడియలు. ఇల్లు కట్టుకునేవాళ్లు ఏదో ఒక రోజు మా అంగడి మెట్లెక్కక తప్పేది కాదు. డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే కూర్చునేదాన్ని. బేరాలు నాకు చేతకావు. నలుగురు కొత్తవాళ్లు ఎదురుగా నిలబడితే నా గొంతు ఆరిపోయేది. సామాను సర్దడం మాత్రం నాకు పండగ. మేకుల డబ్బాలు పొడవును బట్టి, రంగుల కార్డులు లేత నుంచి ముదురుకి, ఎక్కువ అడిగే సామాను చెయ్యి చాపితే అందేచోట, ఎప్పుడో ఒకసారి అడిగేది పై అరలో. ఎవరైనా చూసి "ఎవురప్పా సర్దింది" అని అడిగితే నాయన నావైపు గర్వంగా చూసేవాడు. పైకి మాత్రం "ఏందో, పొద్దుబోక సర్దింది" అనేవాడు. ఇలాంటిదాన్ని తీసుకెళ్లి తరగతి నిండా పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పమంటే ఎట్లా? ఆ మాటే మామతో అంటే "అలవాటయితాదిలే" అన్నాడు. పంటినొప్పి అని చెప్పినా ఆయన ఆ మాటే అనేవాడు.

అది రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. తిరుపతిలో సందుకొక నెట్ సెంటర్ వెలిసింది. డిగ్రీ మార్కులు చూసుకోవడానికి ఒక స్నేహితురాలితో వెళ్లాను. మార్కులు చూసుకున్నాక ఇంకా సమయం మిగిలిందని అదీ ఇదీ నొక్కుతుంటే, ఆ పేజీ వెనకాల ఇంకో పేజీ తెరుచుకుంది. అన్నీ కోణపు గుర్తులు, వాటి మధ్య ఇంగ్లీషు ముక్కలు. నెట్ సెంటర్ అబ్బాయి "ఏం కాదక్కా, అది లోపలి కోడు, మూసెయ్" అన్నాడు. నేను మూయలేదు. పైన కనిపించే మార్కుల పట్టిక లోపల ఏ గడి పక్కన ఏ గడి ఉండాలో, ఏ గడి ఎంత వెడల్పో ఎవరో వరసగా రాసిపెట్టారు. అంగడిలో నేను చేసే పనే ఇది. సామాను మాత్రం వేరు. ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికే నేనేం నేర్చుకోవాలో తేల్చేసుకున్నాను.

నాయన త్రాసులో మేకులు తూస్తున్నప్పుడు విషయం కదిపాను. "నాయనా, వెబ్ సైట్లు డిజైన్ చేసేది నేర్చుకుంటా. ఈడనే, తిరుపతిలోనే కోర్సులుండాయి."

"సైట్లా?" అన్నాడు, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఆ, సైట్లు."

"ఆడపిల్లోళ్లకు గూడా నేర్పిస్తారా?"

"ఎందుకు నేర్పించరు?"

"అయితే మంచిదే గదమ్మా. నేర్చుకో. మనకు గూడా పనికొస్తాది."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఎన్ని మాటలు సిద్ధం చేసుకుని వెళ్లానో, అన్నీ మిగిలిపోయాయి. మనకెట్లా పనికొస్తుందని అడిగి ఉంటే బాగుండేదేమో కానీ, దొరికిన వరాన్ని ఎవరు తిరగేసి చూస్తారు?

గొడవ మామ దగ్గర మొదలైంది. ఆయన ఫోన్‌లో సీటు అంటే నాయన సైటు అంటాడు. "నేను సీటు గురించి చెప్తాండా, నువ్వు సైటంటావేందప్పా" అని ఆయన విసుక్కుంటాడు. చివరకు ఆయనే తిరుపతికి దిగి పంచాయితీ తేల్చాడు. కంప్యూటర్లు నేర్చుకున్న పిల్లలంతా ఉద్యోగాలు పోయి ఇళ్లకు వస్తున్నారని చెప్పాడు. "సరే, నేర్చుకోనీ. దానికేదో పరీచ్ఛ ఉండాదంట గదా. పాసయితే దాని ఇష్టం. తప్పితే నోరెత్తకుండా బి.ఎడ్.లో చేరాల." నాయన నావైపు చూశాడు. నేను తలూపాను. "అట్లే కానీ బావా" అని నాయన మాట ఇచ్చేశాడు. మా నాయన ఇచ్చిన మాటకు తిరుగుండదు. అంటే నాకు ఉన్నది ఒకే ఒక్క పరీక్ష.

కోర్సు ఎంచుకోవడానికి నేనూ నాయనా కలిసి బయల్దేరాం. నేను అడగాల్సిన ప్రశ్నలు ముందే అనుకుని పెట్టుకున్నాను. కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చోనిస్తారు, బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ నేర్పిస్తారా, చెప్పేవాళ్లు స్వయంగా ఏదైనా సైటు చేశారా, సర్టిఫికెట్ ఎవరిస్తారు. నాయన ఏ ప్రశ్నలూ అనుకోలేదు. ఆయన పద్ధతి వేరని నాకు మొదటి చోటే తెలిసింది.

అది పెద్ద సెంటర్. అద్దాల తలుపు, లోపల చల్లటి ఏసీ. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. మెడలో టై కట్టుకున్న ఒకమ్మాయి మమ్మల్ని మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, రంగురంగుల పుస్తకం తెరిచి, కోర్సుల పేర్లన్నీ ఇంగ్లీషులో అప్పజెప్పింది. నాయన గుళ్లో మంత్రం విన్నట్టు భక్తిగా విన్నాడు. నాకైతే చేరిపోవాలనిపించింది. బయటకు రాగానే ఆయన చెప్పుల స్టాండు ముందు నిలబడి, "ఈడ వొద్దు" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"ఒక్క జతన్నా అరిగిందా సూడు. అన్నీ కొత్త సెప్పులే. ఇంటికాడ పొద్దుబోక వచ్చేవోళ్లు. బస్సు దిగి, ఎండలో నడిసి వచ్చేవోళ్లు సదివే తావ చేరాల. వాళ్ల సెప్పులు అరిగుంటాయి."

ఇనుప సామాన్లు అమ్మేవాడు కదా, దేన్ని చూసినా అరుగుదల చూస్తాడు. నాకు నవ్వొచ్చింది కానీ, ఇంకో రెండు చోట్లు చూడటంలో తప్పేముందని ఊరుకున్నాను. రెండో చోట చెప్పుల మాట అటుంచి, సారే నాకు నచ్చలేదు. పేజీలో పట్టిక ఎట్లా గీస్తారని అడిగితే "మనకెందుకమ్మా, సాఫ్ట్‌వేరే గీసేస్తాది" అన్నాడు. అది గీసేట్టయితే ఈయనకు ఫీజెందుకో నాకర్థం కాలేదు.

మూడోది బస్టాండుకు దగ్గర్లో, ఒక టిఫిన్ హోటల్ మీద మిద్దె. మెట్లెక్కుతుంటేనే నాయన ముఖం వెలిగిపోయింది. పై మెట్టు దగ్గర చెప్పులు కుప్ప పడున్నాయి. మడమలు అరిగినవి, వారు తెగి కుట్టించుకున్నవి, పిన్నీసు పెట్టుకున్నవి. "ఇది సెంటరంటే" అన్నాడు నాయన గుసగుసగా. లోపల సార్ ఒక పాత బనీను రంగు చొక్కా వేసుకుని కంప్యూటర్ డబ్బా విప్పి దుమ్ము దులుపుతున్నాడు. నా ప్రశ్నలకు దులపడం ఆపకుండానే జవాబులిచ్చాడు. "ముందు నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాయాల. అది వచ్చినాకనే సాఫ్ట్‌వేర్ ముట్టుకోనిస్తా. సర్టిఫికెట్ చెన్నైలో హెడ్డాఫీసోళ్లు ఇస్తారు, వాళ్లే ఎగ్జామినర్‌ను పంపిస్తారు. నేను ఎవురినీ పాస్ చెయ్యను, ఫెయిలూ చెయ్యను." నాకు ఆ నోట్‌ప్యాడ్ మాట నచ్చింది. నాయనకు చెప్పులు నచ్చాయి. ఆ రోజే చేరిపోయాను.

మరుసటి రోజు క్లాసుకు వెళితే లోపల మేం నలుగురం. ఆ చెప్పులన్నీ ఎవరివా అని చూస్తే, అదే మిద్దెలో పక్క గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకమని గోడ అదిరేది. అరిగిన చెప్పులన్నీ అక్కడివి. సాయంత్రం వెళ్లి నాయనతో చెప్పాను, కొంచెం ఏడిపిద్దామనే. ఆయన ఏమాత్రం తొణకలేదు. "అయితే ఏమాయ? అరిగిన సెప్పుల పక్కన ఉండాది గదా" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు అదే కలిసొచ్చింది. పెద్ద సెంటర్‌లో ఒక కంప్యూటర్‌కు ముగ్గురు కూర్చుంటారని తర్వాత తెలిసింది. ఇక్కడ నా మెషీన్ నాది. మూసేవేళ దాకా కూర్చున్నా సార్ పొమ్మనేవాడు కాదు.

ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. కింద హోటల్ నుంచి సాంబారు వాసన, పక్క నుంచి టైపు మోత, ఎదురుగా నేను రాసింది రాసినట్టు పాటించే ఒక తెర. తెరిచిన ప్రతి గుర్తునూ మూయాలి. ఒకటి మరిచిపోతే పేజీ అంతా అడ్డదిడ్డంగా జారిపోతుంది. మామ దగ్గర గుణింతం అప్పజెప్పినదాన్ని, ఆ క్రమశిక్షణ నాకు కొత్త కాదు. ఆయనకు ఆ మాట చెప్పి ఆయన్ను సంతోషపెట్టడం ఇష్టం లేక ఎప్పుడూ చెప్పలేదు.

పరీక్షలో రంగుల మీద ప్రశ్నలొస్తాయని సార్ చెప్పాడు. తెర మీద ప్రతి రంగుకూ ఒక గుర్తు ఉంటుంది, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి. అవి ఎంతకీ బుర్రకెక్కక, అంగడిలో పెయింటు కార్డు మీద ఒక్కో రంగు కింద దాని గుర్తు పెన్సిలుతో రాసుకున్నాను. ఒకాయన ఇంటికి రంగు ఎంచుకుంటూ ఆ రాత చూసి "ఇది కొత్త కంపెనీ నంబరా అమ్మా?" అని అడిగాడు. నాయన వెంటనే అందుకుని "మా పాప పెట్టింది. సైట్ల కోర్సు చేస్తాండాది" అని చెప్పాడు. ఆ వచ్చినాయన నావైపు గౌరవంగా చూశాడు. ఆ మధ్య అంగడికి వచ్చేవాళ్లలో చాలామంది నన్నట్లా గౌరవంగా చూడటం గమనించాను. వెబ్ డిజైన్ అంటే జనానికి ఇంత విలువ ఉందా అనుకుని మురిసిపోయాను.

పరీక్ష రెండు భాగాలు. మొదటిది కంప్యూటర్ మీద ఇంగ్లీషులో ప్రశ్నలు, సరైన జవాబు నొక్కాలి. దాని గురించి నాకు బెంగ లేదు. రెండోదే చిక్కు. నిజంగా వ్యాపారం చేసుకునే ఎవరికైనా ఒక సైటు చేసి చూపించాలి. ఆ మనిషి పరీక్ష రోజు వచ్చి, బాగుందో లేదో ఎగ్జామినర్‌కు చెప్పాలి. అటువంటి మనిషి కోసం నేను ఊరంతా తిరిగాను. లాడ్జీలో అడిగితే "రూములు ఊరికే నిండతాయి, ఇదెందుకు" అన్నారు. స్వీట్ల అంగడాయన "మాకు బోర్డుండాది గదమ్మా, ఆడ ఎవురు సూస్తారు" అన్నాడు. నా గొంతు సంగతి తెలుసు కదా, ఒక్కో చోటుకి వెళ్లి అడగడానికే నాకు ప్రాణం పోయేది. పరీక్ష దగ్గర పడింది. ఆ మనిషి దొరకకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే బి.ఎడ్.

అన్నం తింటూ నాయనతో చెప్పాను. "ఒక పార్టీ కావాల నాయనా. సైటు చేయించుకునేవోళ్లు."

"ఇంతేనా?" అన్నాడు. "ఆదివారం పిలుస్తా, ఉండు. దీనికా మొగం అట్ల పెట్టుకునేది?"

ఆదివారం నాయన స్నేహితుడొకాయన వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో చుట్టచుట్టిన పొడుగాటి కాగితం. ఆయన పొలాలు కొని ఇళ్ల స్థలాలుగా విడగొట్టి అమ్ముతాడు. నేను పెదనాయనా అని పిలిచేదాన్ని. అదే రోజు చిత్తూరు నుంచి మామ కూడా దిగాడు, ఏదో కాలేజీలో సీటు ఉందన్న కబురుతో. అందరూ హాల్లో కూర్చుంటే పెదనాయన ఆ కాగితం నేల మీద పరిచి, నన్ను పిలిచాడు.

"సూడు పాపా. చంద్రగిరి దారిలో కొత్త సైట్లు. ఇవి కొలత పది అంకణాలు, ఈ వరసవి పన్నెండు. ఈ మూల వాననీళ్లు పారే వంక ఉండాది. రోడ్డు యాడ ఇయ్యాల, గేటు యాడ పెట్టాల, నువ్వు గీసిస్తావని మీ నాయన చెప్పినాడు."

"నేనా?" అన్నాను.

"నువ్వే గదమ్మా" అన్నాడు నాయన. "సైట్లు డిజైన్ చేసేది నేర్చుకుంటివి గదా."

నాకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మా అంగడిలో పొద్దున లేస్తే వినిపించే మాట అది. సైటు కాడికి సిమెంటు పంపించు, సైటులో కడ్డీలు దించు, కార్నర్ సైటు, తూర్పు సైటు. నాయన దృష్టిలో సైటంటే నేల, కంప్యూటరంటే ఆ నేలకు ప్లాను గీసే మిషను. ఇన్ని నెలలూ ఆయన నన్ను చంద్రగిరి దారిలో నిలబెట్టి, చేతికి టేపు ఇచ్చి, స్థలాలు కొలిపిస్తున్నాడు మనసులో. అంగడికి వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. వాళ్ల గౌరవమంతా దానికే.

"ఆ సైటు కాదు నాయనా. కంప్యూటర్‌లో ఉంటాది. వెబ్ సైటు" అన్నాను, వీలైనంత మెల్లగా.

"వెబ్ సైటంటే, కార్నర్ సైటు మాదిరి అదొక రకమనుకుంటి" అన్నాడు.

మామ నవ్వడం మొదలుపెట్టాడు. మామూలు నవ్వు కాదు, తొడలు చరుచుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుని, కాస్త ఆగి మళ్లీ మొదలుపెట్టే నవ్వు. "సైటంట సైటు. ఇంకనన్నా సీటు సంగతి సూడప్పా" అన్నాడు మధ్యలో ఊపిరి తీసుకుని. నాయన కూడా నవ్వబోయాడు కానీ అది ముఖం మీదకు రాలేదు. లేచి చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లాడు. అప్పటికి ఆయన ఏమీ తినలేదు, చేతులు కడుక్కోవాల్సిన పనేమీ లేదు. నాకు మామ మీద ఒళ్లు మండిపోయింది. ఏనాడూ పెద్దవాళ్లకు ఎదురు చెప్పనిదాన్ని, ఆ మంటలోనే గొంతు దానంతటదే తెరుచుకుంది.

"పెదనాయనా, ఈ కాగితం నాకిస్తారా? దీన్నే కంప్యూటర్‌లో పెడతా. బెంగుళూరులో, మద్రాసులో ఉండేవోళ్లు ఆడ నుంచే సూడొచ్చు. ఏ సైటు మీద నొక్కితే ఆ సైటు కొలతలు వస్తాయి. అమ్ముడుబోయింది ఎర్ర రంగు, ఉండేది పచ్చ రంగు."

పెదనాయన కాగితం వంక, నా వంక చూశాడు. "అంటే బెంగుళూరు పార్టీ ఈడికి రాకనే సైటు సూస్తాడా? నేను కార్లో తిప్పి, టిఫిన్ పెట్టించి, మళ్లా బస్సెక్కించే పని లేదా?"

"లేదు."

"అయితే చెయ్" అన్నాడు. మామ నవ్వు ఆగింది.

నాయన మాత్రం ఆ తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు. కోపం కాదు, సిగ్గు. ఊరందరికీ తప్పు చెప్పానే అని. నాకు ఆయన అట్లా ఉండటం అంగడిలో దీపం పెట్టనట్టు ఉండేది. ఇంతలో అసలు చిక్కొకటి వచ్చింది. పెదనాయన ఇచ్చిన కాగితం నాకు చదవడం రాలేదు. అన్నీ నీలం గీతలు, చిన్న అంకెలు, బాణాలు. ఏది రోడ్డో, ఏది హద్దో తెలియదు. కాగితం తీసుకుని అంగడికే వెళ్లి, నాయన ముందు బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బోల్టులు బరువు పెట్టాను.

"ఈ గీతేంది నాయనా?"

ఆయన మొదట పట్టించుకోలేదు. తర్వాత ఓరగా చూశాడు. ఆ తర్వాత కళ్లజోడు పెట్టుకున్నాడు. "అది హద్దు. ఇది రోడ్డు, చుక్కలుండాయి సూడు. బాణం ఉత్తరం సూపిస్తాది. ముందు ఉత్తరం యాడుండాదో సూసుకోవాల, ఆమీటనే ఏదైనా." అంగడికి వచ్చినవాళ్లను కాసేపు ఆగమని, వంక పక్కనున్న వంకర ముక్కతో సహా మొత్తం నాకు చదివి వినిపించాడు. నేనేం చేస్తానో కూడా అడిగాడు. ఒక్కో సైటుకూ దాని మూలలు యాడుండాయో కంప్యూటర్‌కు అంకెల్లో చెప్పాలి, అప్పుడే నొక్కితే పలుకుతుందని చెప్పాను.

"అంటే పునాదికి ముగ్గు పోసి మూలలు పెట్టేదే గదా" అన్నాడు.

"అదే నాయనా."

"అయితే మరీ అంత తప్పు చెప్పలేదులే నేను" అన్నాడు, నావైపు చూడకుండా. ఆ రోజు నుంచి మళ్లీ మామూలయ్యాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

సైటు సగం అయ్యాక పెదనాయన చూడటానికి సెంటర్‌కు వచ్చాడు. మొదటి పేజీలో కుడివైపు పైమూల ఆయన లేఅవుటు ముఖద్వారం బొమ్మ పెద్దది పెట్టాను. అంతా చూసి తల పంకించి, ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఈశాన్యంలో ఇంత బరువు పెడతావా పాపా?"

"ఇది కంప్యూటర్ పెదనాయనా."

"కంప్యూటరయితే మాత్రం దిక్కులుండవా? పైన ఉత్తరం, కుడిపక్క తూర్పు. నా కాగితంలో ఎట్లుందో ఈడా అట్లే గదా. ఆ మూల ఖాళీ పెట్టు. బరువంతా కింద ఎడమపక్కకు తెచ్చుకో."

సార్ ఆ ఖాళీ చూసి "వెలితిగా ఉండాది, ఏదన్నా పెట్టు" అన్నాడు. పెదనాయన వద్దన్నాడు. పరీక్షలో బాగుందని చెప్పాల్సింది పెదనాయన. నేను ఆయన మాటే విన్నాను. బొమ్మ కిందికి దిగింది, అక్షరాలన్నీ సర్దుకున్నాయి, పైమూల తెల్లగా మిగిలిపోయింది.

పరీక్ష రోజు నాయన అంగడి మూసేసి మరీ వచ్చాడు. ఆయనా పెదనాయనా బయట బల్ల మీద, ఆ అరిగిన చెప్పుల కుప్ప పక్కన కూర్చున్నారు. ఎగ్జామినర్ చెన్నై నుంచి వచ్చిన అరవాయన. తెలుగు వచ్చు, కానీ ప్రతి మాటా కొంచెం సాగదీస్తాడు. మొదటి భాగం అయిపోయాక నా పక్కన కూర్చుని సైటు తెరవమన్నాడు. ఒక్కో స్థలం మీదా నొక్కి చూశాడు. వంక పక్కన వంకర ముక్క మీద కావాలనే మూలమూలలా నొక్కాడు. పలికింది. తర్వాత మొదటి పేజీకి వెళ్లి, ఆ తెల్లటి మూల మీద పెన్ను పెట్టాడు.

"ఇక్కడ ఎందుకు ఖాళీ?"

పుస్తకంలో ఏదో జవాబు ఉండే ఉంటుంది. ఆ నిమిషంలో నాకు గుర్తొచ్చింది నిజం ఒక్కటే. "ఈశాన్యం సార్" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. పెన్ను కింద పెట్టి నవ్వాడు. "మా చెన్నైలో కూడా ఇదే కష్టం. కానీ నువ్వు బొమ్మ కింద పెట్టి ఈ మూల వదిలేసినందువల్ల కన్ను నేరుగా లేఅవుట్ మీదకే పోతుంది, చూశావా? దీన్నే వైట్ స్పేస్ అంటారు. నేను పిల్లలకు సంవత్సరమంతా చెప్పినా వదలరు, ఖాళీ కనిపిస్తే నింపేస్తారు." ఆ తర్వాత ఇంకా చాలా అడిగాడు. అన్నింటికీ చెప్పాను. ఇంటికెళ్లాక కానీ నేను గమనించలేదు, అంతసేపు ఒక కొత్త మనిషితో మాట్లాడినా నా గొంతు ఆరిపోలేదు.

పెదనాయనను లోపలికి పిలిచి, సైటు మీకు తృప్తిగా ఉందా అని అడిగాడు. "సైటు శానా బాగుండాది సార్" అన్నాడు పెదనాయన. "సైట్లు గూడా బాగుండాయి. చెన్నై నుంచి ఎంతసేపు గనక? మీకొక కార్నర్ బిట్టు తీసిపెట్టమంటారా?" ఎగ్జామినర్ ఏదో రాసుకుంటూ తల వంచుకున్నాడు. భుజాలు కదలడం మాత్రం నాకు కనిపించింది.

ఫలితం చెప్పడానికి సార్ స్వయంగా మా అంగడికి వచ్చాడు. పాసయ్యానని చెప్పి, సెంటర్‌కు సైట్లు చేసిపెట్టమని అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు, మధ్యాహ్నాలు వచ్చి ఆ పని చూస్తావా అని అడిగాడు. నాయన ఆయన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. సార్ వెళ్లాక కాసేపు గడియల పెట్టె సర్దాడు. నేను సర్దినదాన్నే మళ్లీ సర్దాడు.

మామ ఫోన్ చేసింది ఆ మరుసటి రోజు. నేను అంగడిలోనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే ముందర లారీ ఆపి కడ్డీలు దించుతున్నారు. ఇనుము మీద ఇనుము పడుతుంటే చెవులు చిల్లులు పడుతున్నాయి. సీటుకు ఆఖరు గడువు దగ్గరికొచ్చిందని మామ చెబుతున్నాడని, నాయన జవాబులను బట్టి తెలుస్తోంది.

"వొద్దులే బావా. పాప పాసయింది. ఆ సైటు పనే చేసుకుంటాది."

అవతల ఏదో అన్నాడు.

"సీటు కాదు బావా, సైటు."

కడ్డీలు దబాలున పడ్డాయి. నాయన రెండో చెవిలో వేలు పెట్టుకుని గొంతు పెంచాడు. "సీటు వొద్దంటాండా. సైటు. సై-టు. మా పాప సైట్లు చేస్తాది. ఆ సైట్లు కాదు, కంప్యూటర్ సైట్లు. నాకు తెలుసులే ఏ సైట్లో."

నా గురించి మా నాయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఎదురు వరసలో అంగళ్లవాళ్లు కూడా తిరిగి చూశారు. నేను రంగుల కార్డులు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

మామకు ఇంకా సీటనే వినిపిస్తున్నట్టుంది. నాయనకు ఓపిక అయిపోయింది. "గుడి దీర్ఘం గాదు బావా" అని అరిచాడు. "ఐత్వం. ఐత్వం. పంతులువి గదా, నువ్వే చెప్పు. సకు ఐత్వమిస్తే ఏమయితాది?"

అప్పుడే కడ్డీలు దించడం ఆగింది. వీధంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో, ఫోన్‌లోంచి మామ గొంతు అంత దూరాన నిలబడ్డ నాకు కూడా స్పష్టంగా వినిపించింది. తరగతిలో అడిగినట్టు అడిగేసరికి, ఏ ఆలోచనా లేకుండా, అలవాటుగా చెప్పేశాడు.

"సై."

"ఆ, అదే" అని నాయన ఫోన్ పెట్టేశాడు.